యుద్ధపు ఆటలలో నిజమెంత?



మన సంఘములలోని యౌవనస్థులు కంప్యూటరు మీదను, ఫోను మీదను ఆడుచున్న ఆటలలో యుద్ధపు ఆటలు అనేకము. తుపాకి పట్టుకొని కనబడినవారినెల్ల కాల్చుకొంటూ పోవు ఆటలు ఒక రకము. వాటిని గూర్చి తల్లిదండ్రులు ఎప్పుడును మాట్లాడుచునే యున్నారు. మేము ఇక్కడ ఆలోచించదలచినది రెండవ రకమును గూర్చి. ఇందులో ఆడువాడు సిపాయి కాడు, సేనాధిపతి. ఎదుట దేశపటము పరచియుండును. ఏ దళమును ఎక్కడికి పంపవలెను, ఏ వంతెనను ముందుగా పట్టుకొనవలెను, పెట్రోలు ఎంత మిగిలినది, ఏ కర్మాగారములో ట్యాంకులు చేయించవలెను అను లెక్కలన్నియు అతడే చూచుకొనవలెను. వీటిని వ్యూహపు ఆటలు అందురు. చదువుకొన్న పిల్లలు, నెమ్మదిగల పిల్లలు వీటిని ఎక్కువగా ఇష్టపడుదురు.

"రాత్రి పన్నెండు గంటల వరకు ఇదేమి ఆటరా?" అని మందలించినయెడల వారు చెప్పు జవాబు ఒకటున్నది. "ఇది ఉత్త ఆట కాదు తాతగారూ, చరిత్ర. అంతా నిజంగా జరిగినట్టే ఉంటుంది." ఈ జవాబును మనము తేలికగా తీసివేయరాదు. పాఠశాలలో చరిత్ర పుస్తకము తెరువని పిల్లవాడు స్టాలిన్‌గ్రాడ్ ఏ నది ఒడ్డున ఉన్నదో, ఎల్ అలమైన్ ఏ దేశములో ఉన్నదో ఈ ఆటలవలన తెలిసికొనుచున్నాడు. అది మేలే. అయితే "నిజంగా జరిగినట్టే" అను మాటను మాత్రము పట్టుకొని నిదానముగా పరిశీలింపవలసియున్నది. ఒక యుద్ధమును ఆటగా చేసినప్పుడు అది దేనియందు నిజమైనది? దేనియందు కాదు? నిజమని చెప్పుకొనుటవలన ఆ ఆటపై ఏ బాధ్యత పడుచున్నది?

యుద్ధమును ఆటగా చేయుట క్రొత్త సంగతి కాదు. చదరంగము పుట్టినది మన దేశములోనే. ఏనుగులు, గుర్రములు, రథములు, కాల్బలము అను చతురంగ బలములే దాని పేరునకు మూలము. అయితే చదరంగము ఏ యుద్ధమును చూపుచున్నానని చెప్పదు. దాని బల్లమీద ఏ ఊరి పేరును లేదు. 1824వ సంవత్సరములో ప్రష్యా దేశములో రైస్విట్జ్ అను సైనికాధికారి తన తండ్రి మొదలుపెట్టిన ఒక ఆటను సవరించి, నియమములు వ్రాసి ప్రకటించినాడు. దానిని క్రీగ్‌స్పీల్ అనిరి. యుద్ధపు ఆట అనియే దాని అర్థము. గళ్ళ బల్లకు బదులు నిజమైన భూమిని కొలిచి గీచిన పటము వచ్చినది. దెబ్బ ఎంత తగిలినదో పాచికలు తేల్చును. ఇరుపక్షముల మధ్య ఒక అంపైరు కూర్చుండును. ప్రష్యా సైన్యాధిపతులు దీనిని వినోదముగా ఎంచక తమ అధికారులకు శిక్షణగా స్వీకరించినారు. నేటి కంప్యూటరు ఆటలకు ఇదియే ముత్తాత. అంపైరు చేయు పనిని, పాచికలు చేయు పనిని ఇప్పుడు కంప్యూటరు చేయుచున్నది.

ఈ ఆటలలో నిజము అను మాటకు మూడు అంతస్తులున్నవి. మొదటిది వస్తువుల నిజము. ఏ ట్యాంకు ముందుభాగమున ఉక్కు ఎంత మందము, ఏ విమానము ఎంత దూరము పోయి రాగలదు, ఏ సంవత్సరములో ఏ రంగు దుస్తులు వేసికొన్నారు అను వివరములలో ఆటలు చేయువారు మిక్కిలి శ్రద్ధ చూపుదురు. ఆడువారు తప్పులు పట్టుటలో అంతకంటె శ్రద్ధ చూపుదురు. కంప్యూటరు ఆటలు ప్రబలకముందే ఈ శ్రద్ధ ఎంతవరకు పోయినదో ఒక ఉదాహరణ చాలును. ఉత్తర ఆఫ్రికా యుద్ధమును గూర్చి రిచర్డ్ బెర్గ్ అను అమెరికా దేశస్థుడు 1970ల చివరిలో ఒక బల్ల ఆట తయారుచేసినాడు. దానిని పూర్తిగా ఆడుటకు పదిమంది మనుష్యులు, పదిహేను వందల గంటలు కావలెనని ప్రసిద్ధి. ప్రతి దళమునకు పెట్రోలు, మందుగుండు, నీళ్ళు లెక్క వ్రాయవలెను. అందులో ఒక నియమము ప్రకారము ఇటలీ దళములకు తమ పాస్తా ఉడకబెట్టుకొనుటకు అదనముగా నీళ్ళు ఇవ్వవలెను. ఇది పెట్టినది వేళాకోళమునకేనని బెర్గ్ తరువాత చెప్పినాడు. చాలామంది మాత్రము దానిని వాస్తవికతకు పరాకాష్ఠ అని కొనియాడినారు. వివరము ఎంత చిన్నదైతే మనము దానిని అంత సులభముగా నమ్ముదుము. ఆ నియమము మనకు నేర్పుచున్నది ఇదే.

వివరములన్నియు నిజమైనను మొత్తము నిజము కాకపోవచ్చును. 2013లో విడుదలయైన కంపెనీ ఆఫ్ హీరోస్ 2 అను ఆటలో సోవియట్ అధికారులు వెనుదిరిగిన తమ సిపాయిలను తామే కాల్చు దృశ్యములున్నవి. వెనుకకు ఒక్క అడుగైనను వేయరాదని స్టాలిన్ 1942 జూలైలో 227వ నంబరు ఉత్తరువు జారీచేసిన మాట చరిత్రలో ఉన్నదే. అయినను రష్యాలో అనేకులు ఆ ఆటపై తీవ్రముగా అభ్యంతరము తెలిపినారు. అక్కడ అమ్మకములు నిలిపివేయబడినవి. ఆ యుద్ధములో సోవియట్ దేశము సుమారు రెండు కోట్ల డెబ్బది లక్షల మందిని పోగొట్టుకొన్నది. చనిపోయినవారి పిల్లలకు, మనుమలకు ఆ ఒక్క ఉత్తరువే తమ పెద్దల కథ అంతయు అయినట్లు తోచినది. ఒక సంగతి జరిగినది అని చెప్పుట ఒకటి. దానిని ఎంత పెద్దదిగా చూపుచున్నాము, దాని ప్రక్కన దేనిని చూపకున్నాము అనునది మరియొకటి. సాక్ష్యము చెప్పువాడు ఈ రెంటిని కూడ ఎరిగియుండవలెను.

రెండవ అంతస్తు తెలియనితనపు నిజము. నిజమైన యుద్ధములో సేనాధిపతికి శత్రువు ఎక్కడ ఉన్నాడో తెలియదు. తన మనుష్యులు ఎక్కడ ఉన్నారో కూడ ఒక్కొక్కసారి తెలియదు. మంచి ఆట ఈ అజ్ఞానమును కూడ చూపును. 1942లో ఇంగ్లాండులోని లివర్‌పూల్ పట్టణమున బ్రిటిషు నౌకాదళమువారు ఒక శిక్షణ కేంద్రము పెట్టినారు. కెప్టెను గిల్బర్ట్ రాబర్ట్స్ దానికి అధిపతి. ఆయనతో కూడ పనిచేసినవారు నౌకాదళపు స్త్రీ విభాగములోని యువతులు. గది నేలనే సముద్రముగా చేసి, దానిపై సుద్దముక్కలతో ఓడల త్రోవలు గీచెడివారు. శిక్షణకు వచ్చిన అధికారులు తెరల వెనుక నిలువబడి చిన్న సందుగుండా చూడవలెను. ఓడమీద ఉన్నవానికి ఎంత కనబడునో అంతే కనబడును. శత్రు జలాంతర్గామి త్రోవ వారికి కనబడని రంగు సుద్దతో గీయబడెడిది. ఇట్లు ఆడి చూచుటవలననే, జలాంతర్గాములు ఓడల గుంపు వెలుపలనుండి గాక వెనుకనుండి గుంపులోనికే దూరి దాడి చేయుచున్నవని గ్రహించి, దానికి విరుగుడు కనిపెట్టినారు. యుద్ధము ముగియులోపల సుమారు 5,000 మంది అధికారులు అక్కడ శిక్షణ పొందినారు. ఇట్టి ఆట ప్రాణములను కాపాడినది. గనుక ఆట అనగానే వ్యర్థమని చెప్పుట న్యాయము కాదు.

అదే సంవత్సరము మే నెలలో జపాను నౌకాదళమువారు కూడ ఒక ఆట ఆడినారు. మిడ్వే ద్వీపముపై దాడికి ముందు యమాటో అను యుద్ధనౌకపై ఆ పథకమును బల్లమీద నడిపి చూచుకొన్నారు. అమెరికా విమానములు దాడిచేసిన ఘట్టములో అంపైరు పాచికలు వేయగా తొమ్మిది బాంబులు తగిలినట్లును, అకాగి, కాగా అను రెండు విమానవాహక నౌకలు మునిగినట్లును తేలినది. ఆటను నడుపుచున్న అడ్మిరలు ఉగాకి దానికి ఒప్పుకొనలేదు. తొమ్మిదిని మూడు చేయించినాడు. అప్పుడు కాగా మాత్రము మునిగినది, అకాగికి స్వల్పముగా దెబ్బ తగిలినది. తరువాతి ఘట్టములో ఆ మునిగిన కాగా కూడ తేలివచ్చి యుద్ధము చేసినది! ఆ నౌకాదళములో అధికారులుగా ఉండిన ఫుచిదా, ఒకుమియా అనువారు యుద్ధానంతరము ఈ సంగతి వ్రాసినారు. జూన్ నెలలో నిజమైన యుద్ధము వచ్చినది. అకాగి, కాగా, సోర్యు, హిర్యు అను నాలుగు విమానవాహక నౌకలును ఆ పోరాటములో మునిగిపోయినవి. ఈసారి తేల్చుటకు ఎవరి తరమును కాలేదు.

ఈ రెండు ఆటలను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడి. జపాను వారి పటము తప్పు కాదు, ఓడల లెక్క తప్పు కాదు, పాచికలును తప్పు చెప్పలేదు. ఆట తమకు ఇష్టములేని సంగతి చెప్పినప్పుడు వారు దానిని త్రోసివేసినారు. లివర్‌పూల్ వారు తమకు తెలియని దానిని తెలియదనియే ఉంచి ఆడినారు. కాబట్టి ఒక ఆట యొక్క సత్యమును వివరముల సంఖ్యతో కొలువరాదు. ఆడువానికి ఇష్టములేని జవాబు చెప్పుటకు దానికి వీలున్నదా, చెప్పినప్పుడు అతడు వినునా అనునదే కొలత. నేటి కంప్యూటరు ఆటలో ఓడినవాడు ఏమి చేయును? ముందుగా దాచిపెట్టుకొన్న చోటికి పోయి అక్కడనుండి మరల మొదలుపెట్టును. అతని వేలిక్రింద ఉన్న మీట ఉగాకి చేసిన పనినే చేయుచున్నది. ఆటలో అది నేరము కాదు. చరిత్ర నేర్చుకొంటిననుకొన్నవాడు మాత్రము, చరిత్రకు ఆ మీట లేదని జ్ఞాపకముంచుకొనవలెను.

మూడవ అంతస్తు మనుష్యుల నిజము. అన్నిటికంటె కష్టమైన ప్రశ్న ఇక్కడనే ఉన్నది. స్వీడన్ దేశములోని పారడాక్స్ సంస్థవారి హార్ట్స్ ఆఫ్ ఐరన్ అను ఆట 2002లో మొదలైనది. దాని నాలుగవ రూపము 2016లో వచ్చినది. 1936 మొదలుకొని ప్రపంచములోని ఏ దేశమునైనను నడుపవచ్చును. జర్మనీని కూడ నడుపవచ్చును. ఉక్కు, నూనె, రబ్బరు లెక్కలున్నవి. జనాభాలో నూటికి ఎంతమందిని సైన్యములో చేర్చుకొనవలెనో తీర్మానించు చట్టములున్నవి. కాని అరవై లక్షలమంది యూదుల సంహారము అందులో లేదు. సంస్థవారు దానిని తెలిసియే విడిచిపెట్టినారు.

ఇది మంచిదా, చెడ్డదా? రెండు వైపుల వాదమును బలమైనదే. లేకుండ చేసినయెడల జర్మనీ చేసిన యుద్ధము ట్యాంకులకు ట్యాంకులకు జరిగిన శుభ్రమైన పోటీవలె కనబడును. ఆ రాజ్యము దేనికొరకు యుద్ధము చేసినదో మరుగునపడును. పోనీ, ఉండవలెనందుమా? అప్పుడు ఒక జాతిని నిర్మూలము చేయుట ఆడువాని చేతిలో ఒక మీట యగును. దానివలన లాభమెంత, నష్టమెంత అని అతడు లెక్కవేయును. చనిపోయినవారిని రెండవమారు అవమానించుట అంతకంటె ఏమున్నది? ఈ రెండింటిలో విడిచిపెట్టుటయే తక్కువ హాని అని మా అభిప్రాయము. అయితే విడిచిపెట్టుట వేరు, దాచుట వేరు.

ఈ భేదమును మేము ఉపాధ్యాయ శిక్షణలో నేర్చుకొన్న ఒక సంగతితో చెప్పుదుము. ఏ బోధనోపకరణమును సంపూర్ణము కాదు. గోడమీద వ్రేలాడు ప్రపంచపటమునే తీసికొనుడి. 1569లో మెర్కేటర్ అను ఆయన చూపిన పద్ధతిలో గీచిన పటమందు గ్రీన్‌లాండ్ ఆఫ్రికా ఖండమంత కనబడును. నిజమునకు ఆఫ్రికా దానికి దాదాపు పదునాలుగు రెట్లు పెద్దది. ఆ పటము మోసము కాదు. ఓడ నడుపువానికి దిక్కు సరిగా చూపుటకు దానిని చేసినారు, ఆ పనికి అది ఉత్తమమైనది. కాని ఉపాధ్యాయుడు పిల్లలకు ఆ మాట చెప్పకుండ ఖండముల వైశాల్యమును దానినుండియే నేర్పినయెడల తప్పు పటముది కాదు, ఉపాధ్యాయునిది. యుద్ధపు ఆటయు ఇట్టిదే. సేనాధిపతికి కావలసినంత మేరకే చేసిన పటమది. అందులో విడువబడినది ఫలానా అని చెప్పువాడొకడు కావలెను.

విడువబడినది ఎంత పెద్దదో మన దేశపు సంగతితోనే చూతము. 1942లో బర్మా జపాను చేతిలో పడినది. శత్రువు బెంగాలు తీరమున దిగునేమోనని అప్పటి బ్రిటిషు ప్రభుత్వము తీరపు జిల్లాలలో అతనికి అక్కరకు వచ్చునవేమియు మిగులకూడదని నిశ్చయించినది. మిగులు ధాన్యమును తరలించినారు. పదిమందిని గాని అంతకంటె ఎక్కువమందిని గాని మోయగల పడవలను వేలకొలది స్వాధీనపరచుకొన్నారు, కొన్నిటిని పాడుచేసినారు. వ్యూహపు ఆటలో ఇది తెలివైన ఎత్తు. శత్రువు ముందుకు రాలేడు, ఆడువాడు సంతోషించును. కాని ఆ పడవ చేపలు పట్టువానికి జీవనము, ద్వీపములలోని పొలము దున్నుకొనువానికి దారి, వడ్లు సంతకు చేర్చువానికి బండి. మరుసటి సంవత్సరము బెంగాలులో కరవు వచ్చినది. పడవలు పోవుటయే దానికి కారణమని చెప్పరాదు. బర్మా బియ్యము రాకపోవుట, 1942 అక్టోబరు నాటి తుపాను, మండిపోయిన ధరలు, ప్రభుత్వపు నిర్లక్ష్యము అన్నియు కలిసినవి. అధికార విచారణ సంఘము సుమారు పదిహేను లక్షలమంది చనిపోయిరని చెప్పగా, తరువాతి పరిశోధకులు అనేకులు సుమారు ముప్పది లక్షలని లెక్కవేసినారు. వీరిలో ఎవరును యుద్ధభూమికి పోలేదు. సేనాధిపతి పటములో వీరికి గుర్తు లేదు.

ఈ లోపమును గ్రహించి చేసిన ఆటలును లేకపోలేదు. పోలెండు దేశములోని 11 బిట్ స్టూడియోస్ వారు 2014లో దిస్ వార్ ఆఫ్ మైన్ అను ఆట తెచ్చినారు. 1992 మొదలు 1996 వరకు ముట్టడిలో నలిగిన సారాయెవో పట్టణము దానికి ప్రేరణ. అందులో ఆడువాడు సేనాధిపతి కాడు, సిపాయియును కాడు. కూలిన ఇంటిలో తలదాచుకొన్న కొందరు సామాన్యులను బ్రదికించుకొనవలెను. రాత్రివేళ పోయి మందో, రొట్టెయో వెదకి తేవలెను. ఒక ముసలి దంపతుల ఇంటిలో ఆహారమున్నదని తెలిసినప్పుడు, దానిని తీసికొనవలెనా మానవలెనా? తీసికొన్నయెడల ఆకలి తీరును గాని, తెచ్చినవాడు క్రుంగిపోవును. ఈ ఆటను ఉన్నత పాఠశాల విద్యార్థుల ఐచ్ఛిక పఠనముల జాబితాలో చేర్చుచున్నట్లు 2020లో పోలెండు ప్రభుత్వము ప్రకటించినది. ట్యాంకు ఉక్కు మందమును గూర్చి ఈ ఆట ఏమియు చెప్పదు. అయినను యుద్ధమును గూర్చి చెప్పవలసిన ముఖ్యమైన నిజమొకటి చెప్పుచున్నది.

కొందరు అనవచ్చును: "ఇంత విచారణ ఎందుకు? ఆట ఆటే గదా. చదరంగములో బంటు చచ్చినదని ఎవరైన ఏడ్చినారా?" నిజమే, ఏడువనక్కరలేదు. చదరంగపు బంటునకు పేరు లేదు, ఊరు లేదు, తల్లి లేదు. కాని స్టాలిన్‌గ్రాడ్ అని పేరు పెట్టి, 1942 అని సంవత్సరము వేసి, ఇది జరిగినట్లే ఉన్నదని ఘనత చెప్పుకొన్న ఆట ఆ ఊరిలో చనిపోయినవారి పేరు వాడుకొన్నది. అరువు తెచ్చుకొన్నవాడు బాకీపడినట్లే, నిజమని చెప్పుకొన్నవాడు నిజమునకు జవాబుదారి యగును. ఆ బాకీ ఆట చేసినవానిది మాత్రమే కాదు, ఆడి దానిని చరిత్ర అని చెప్పుకొనువానిది కూడ.

కాబట్టి తల్లిదండ్రులకు, సంఘపు పెద్దలకు మా మనవి ఒకటి. ఈ ఆటలను చూడగానే కోపపడి కంప్యూటరు కట్టివేయవద్దు. ప్రక్కన కూర్చుండి ఆడించి చూడుడి. పిల్లవానికి తెలిసినది వానిచేత చెప్పించుకొనుడి. వానికి నిజముగా చాలా తెలియును. తరువాత మెల్లగా అడుగుడి: ఈ పటములో ఎవరు లేరు? ఈ ఎత్తు గెలిచినప్పుడు దాని ఖర్చు ఎవరు చెల్లించినారు? ఓడినప్పుడు నీవు వెనుకకు పోయినావు గదా, వారు పోగలిగినారా?

ఆటలో మందుపాతరలు తీయు దళమునకు ఒక చిన్న గుర్తు ఉండును. దానిని చూపినప్పుడు బెంగళూరు కేంద్రముగా గల మద్రాసు శాపర్ల దళములోని సుబేదారు సుబ్రహ్మణ్యమును గూర్చి చెప్పుడి. 1944 ఫిబ్రవరిలో ఇటలీలో మందుపాతరలు వెదకుచుండగా తోటివాని కాలిక్రింద ఒకటి రగిలినది. పేలుటకు కొన్ని క్షణములే ఉన్నవి. ఆయన దానిపై పడి, తన శరీరమును అడ్డము పెట్టి, తోటివారిని కాపాడి చనిపోయినాడు. ఆయనకు మరణానంతరము జార్జి క్రాసు ఇచ్చినారు. ఆటలెక్కలో ఆ దినము ఒక మనిషి తగ్గినాడు, అంతే.

అట్లే ఆ పటములో బంగాళాఖాతము చూపించుడి. 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు వేసినవని చెప్పుడి. యానాములోని మనవారికి కాకినాడ ఎంత దూరమో తెలియును గదా. తరువాత రంగూను ఎక్కడో చూపించుమనుడి. ఆ రేవులో మూటలు మోసిన తెలుగువారు ఆ సంవత్సరము లక్షలాది ఇతర భారతీయులతో కలిసి అడవులు, కొండలు దాటి కాలినడకన స్వదేశమునకు బయలుదేరినారు. త్రోవలో వేలమంది ఆకలితోను, కలరాతోను, మలేరియాతోను రాలిపోయినారు. ఆటలో ఆ త్రోవమీద సైన్యములు మాత్రమే కదలుచుండును. మన కుటుంబములలో ఆ త్రోవను నడిచి వచ్చినవారి సంతతి ఉన్నయెడల, ఆ కథ తెలిసిన ముసలివారు ఇంకను మన మధ్య ఉన్నయెడల, పిల్లవానిని వారియొద్దకు తీసికొని పొండి. ఆ త్రోవను వారు తమ వ్రేలితో ఆ పటముమీదనే చూపుదురు గాక.